ఎవరి డెబ్బై ఏళ్లు? భారత రిజిస్ట్రార్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ కార్యాలయం వేసే ఆయుర్దాయ పట్టికల్లో రాష్ట్రం ఉంటుంది, పల్లె-పట్నం ఉంటుంది, ఆడ-మగ ఉంటుంది. కులం, తెగ, ఆస్తి మాత్రం కనపడవు. 2016-20 పట్టికలో దేశ సగటు 70 ఏళ్లు. ఎవరి 70 అండీ అది?

2010-11 వార్షిక ఆరోగ్య సర్వేను పట్టుకుని పరిశోధకులు తొమ్మిది రాష్ట్రాల లెక్క తీశారు. అగ్రకుల హిందువులతో పోలిస్తే ఆదివాసీల ఆయుష్షు నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువని తేలింది. పేదరికం వల్లే అని సరిపెట్టుకుందామా అంటే, ఆస్తిలో తేడాను లెక్కలోంచి తీసేసి చూసినా అంతరం పూర్తిగా పోలేదు. ఆ తొమ్మిదింటిలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మనది బాగానే ఉందని కాదు, ఆ సర్వే ఇక్కడ జరగలేదంతే.

పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి నిండు గర్భిణిని కర్రకు దుప్పటి కట్టి, డోలీలో దించుతారు. ముందొకరు, వెనకొకరు, మధ్యలో వాగు. అవతల అంబులెన్సు దొరికితే అదృష్టం. దారిలోనే ప్రాణం పోతే అదీ సగటులో కలిసిపోతుంది.

మేమడిగేది కొత్త పథకం కాదు. మీ ఆయుర్దాయ పట్టికలకు ఆధారమైన నమూనా నమోదు వ్యవస్థలో (ఎంపిక చేసిన ఊళ్లు, వార్డుల్లో జనన మరణాలు నమోదు చేసే సర్వే) ఎస్సీ, ఎస్టీల ఆయుర్దాయాన్ని రాష్ట్రాలవారీగా విడిగా లెక్కించి, ఏటా ప్రచురించండి. నమూనా చాలదంటారా, పెంచండి.

ఇట్లు,
మన్యం వాసి ఒకరు