ఆ తల్లీబిడ్డల చిత్రాల కింద వివరం వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాతృదినోత్సవం వచ్చిందంటే మన పత్రికల ఆదివారం అనుబంధాల్లో ఐరోపా రాణుల, దొరసానుల తల్లీబిడ్డల చిత్రాలు కనిపిస్తుంటాయి. కింద ‘అమ్మ ప్రేమ’ అన్న మాట తప్ప, ఆ బొమ్మ ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, ఎవరు వేయించారో చాలాసార్లు ఉండదు. పిల్లలకు చిత్రలేఖనం నేర్పే నాకు ఇది బాధ కలిగిస్తోంది. ఆ చిత్రాల్లో ఎక్కువ భాగం వంశం నిలబడిందనీ, వారసుడున్నాడనీ లోకానికి చాటడానికి వేయించినవి. ఫ్లోరెన్స్ పాలకుడు కోసిమో దే మెదీచి భార్య ఎలియొనోరాను కొడుకుతో సహా బ్రొంజీనో 1545 ప్రాంతంలో చిత్రించిన పటంలో, ముందుగా మన కన్ను పడేది నలుపు, బంగారు అల్లికల పట్టుగౌను మీదే. పక్కనున్న పసివాడి మీదికి చూపు ఆ తర్వాతే పోతుంది.

ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటొనెట్‌నూ ఆమె పిల్లలనూ ఎలిజబెత్ విజే ల బ్రన్ 1787లో చిత్రించిన పటం వెర్సాయ్ ప్రాసాదంలో ఉంది. రాణి పేరు వాడుకుని మోసగాళ్లు ఖరీదైన హారాన్ని కాజేసిన వజ్రాల హారం కుంభకోణంలో ఆమె ప్రమేయం లేకపోయినా, ఆమె దుబారా మనిషని జనంలో పేరు పడిపోయింది. ఆమెను బిడ్డల తల్లిగా నిలబెట్టి చూపాలని కొలువు వారే ఈ చిత్రం వేయించారు. ఎర్ర మఖమలు గౌను తొడుక్కుని, ఒళ్లో చిన్నకొడుకుతో, మీదికి ఒరిగిన కూతురితో కూర్చున్న ఆ రాణి మెడలో ఒక్క హారమైనా లేదు. పెద్దకొడుకు ఖాళీ ఊయలను చూపిస్తుంటాడు. అందులో ఉండవలసిన సోఫీ ఏడాది నిండకుండానే ఆ జూన్‌లో కన్నుమూసింది. రెండేళ్లకు, 1789లో, పెద్దకొడుకు కూడా పోయాక, కళ్లెదుట ఆ పటాన్ని భరించలేక రాణి దాన్ని తీయించేసిందని చిత్రకారిణి తన జ్ఞాపకాల్లో రాసుకుంది. రాజకీయం కోసం పుట్టిన బొమ్మలోకి నిజమైన కడుపుకోత వచ్చి చేరిన ఈ సంగతి తెలియకుండా దాన్ని చూడటం సగం చూడటమే.

మనకు మరీ దగ్గరి సంగతి ఇంకొకటుంది. రాబర్ట్ క్లైవ్ బంధువు, భారతదేశంలో ధనం గడించిన జార్జ్ క్లైవ్ కుటుంబాన్ని జాషువా రెనాల్డ్స్ 1765 ప్రాంతంలో చిత్రించాడు. బెర్లిన్‌లో ఉన్న ఆ చిత్రంలో మోకాళ్ల మీద కూర్చుని పాపను పట్టుకున్నది తల్లి కాదు, ఒక భారతీయ ఆయా. దొరకూ దొరసానికీ పేర్లున్నాయి. ఆమె మాత్రం చిత్రం శీర్షికలో ఉత్త పనిమనిషి. అలాంటి ఇళ్లలో బిడ్డను ఎత్తుకుని పెంచిన చేతులు చాలావరకు పటంలోకే రాలేదు. వచ్చిన ఈ ఒక్కరినైనా మనం గుర్తించవద్దా?

కనుక ఇకపై ఇలాంటి చిత్రం వేసినప్పుడు చిత్రకారుల పేరు, సంవత్సరం, ఎవరు ఎందుకు వేయించారు, ఇప్పుడు ఎక్కడుంది అన్న వివరాలు కింద రెండు వరుసల్లో ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. చిత్రంలో ఆయా ఉంటే ఆమెను కూడా ప్రస్తావించండి. పేరు దొరకకపోతే ‘పేరు తెలియదు’ అని అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక చిత్రలేఖన ఉపాధ్యాయురాలు,
రాజమహేంద్రవరం