ఎనిమిదేళ్లు ఆలస్యమైన కృతజ్ఞతలు

పొందూరులోని మా వీధివారికి, నా పూర్వ విద్యార్థులకు, విశాఖపట్నంలో నాకు వైద్యం చేసిన డాక్టర్లకు, నర్సులకు నమస్కారాలు.

2016లో, ఆరు నెలలపాటు గ్యాస్ నొప్పి అనుకుని సొంతంగా మాత్రలు మింగిన తరువాత, ఎండోస్కోపీలో జీర్ణాశయ క్యాన్సర్ అని, స్కానింగులో అది కాలేయానికి కూడా పాకిందని తేలింది. నాలుగో దశలో అందరికీ ఆపరేషన్ చేయరని, కీమోథెరపీతో గడ్డ తగ్గి, కొత్తగా మరెక్కడా మచ్చ కనిపించకపోతేనే ఆ ఆలోచన చేద్దామని డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. ఉత్తుత్తి ధైర్యం చెప్పి ఉంటే నేను మధ్యలోనే మానేసేవాణ్ణేమో.

14 రోజులకొకసారి మందు ఎక్కించుకోవడానికి వెళ్లినప్పుడల్లా తెల్లవారుజామునే నన్నూ నా భార్యనూ రైలు స్టేషనుకు చేర్చిన ఆటో తమ్ముడు ఒక్కసారి కూడా డబ్బు తీసుకోలేదు. ఆక్సాలిప్లాటిన్ అనే ఆ కీమో మందు ఎక్కిన తరువాత చన్నీళ్లు తాకితే చాలు, వేళ్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేవి. ఆ సంగతి తెలిసిన ఎదురింటి వదినగారు మేము తిరిగి వచ్చే వేళకు నీళ్లు కాచి ఉంచేవారు.

నాలుగు విడతల తరువాత, 2017లో, జీర్ణాశయం మొత్తాన్నీ, కాలేయంలో మచ్చ ఉన్న భాగాన్నీ తీసివేసి, ఆపైన మరో నాలుగు విడతల మందు ఇచ్చారు. ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకునే నాకు ఆరోగ్యశ్రీ కార్డు లేకపోతే ఆ ఖర్చు ఊహకు కూడా అందేది కాదు. రక్తం ఇచ్చిన ముగ్గురు విద్యార్థులూ ఒకప్పుడు ఎక్కాలు రాక నా చేత దెబ్బలు తిన్నవారే. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

జీర్ణాశయం లేని మనిషికి తిండి పెట్టడం వైద్యమంత కష్టం. రెండు గంటలకొకసారి అరగ్లాసు చోడి (రాగి) అంబలితో మొదలుపెట్టి, తీపి తింటే చెమటలు పట్టి గుండె దడదడలాడుతుందని గమనించి, ఏది పడిందో ఏది పడలేదో నా భార్య పాత హాజరుపట్టీలో రాసుకునేది. బి12 విటమిన్ ఒంటబట్టడానికి జీర్ణాశయం కావాలి కనుక నెలనెలా ఆ ఇంజక్షన్ చేస్తున్న మా ఊరి నర్సమ్మకు కూడా రుణపడి ఉన్నాను.

అదే వార్డులో, అదే మందు తీసుకున్న నా పక్క మంచం ఆయన ఏడాది దాటలేదు. అందుకే, నేను బాగున్నానని బయటకు చెప్పడానికి ఇన్నేళ్లూ నోరు రాలేదు. మొన్నటి స్కానింగులో కూడా ఏమీ లేదన్నారు.

ఆటో తమ్ముడు ఇప్పుడు పలాసలో ఉంటున్నాడని విన్నాను. ఇది అతని కంటపడితే ఒకసారి మా ఇంటికి భోజనానికి రావాలి. అతని విస్తరి పక్కన నా చిన్న పళ్లెంతో నేనూ కూర్చుంటాను.