జూన్ నుంచి బస్సు ఛార్జీ, నడిపే పద్ధతి: తల్లిదండ్రులకు మా మనవి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పి.గన్నవరం, అంబాజీపేట, అయినవిల్లి మండలాల పల్లెల నుంచి మీ పిల్లలను బడికి తీసుకువెళ్ళే మా మూడు మినీ బస్సుల ఛార్జీ, బడులు తెరిచే జూన్ 12 నుంచి నెలకు 1,100 రూపాయలకు బదులు 1,400 రూపాయలు అవుతుంది. ఒకేసారి మూడు వందలు పెరగడం ఏ ఇంటికైనా భారమే. డీజిల్ సాకుతో పెంచుతున్నారని కొందరు అనుకుంటున్నట్టు మా దాకా వచ్చింది. ఈ పెంపులో డీజిల్ వాటా కొద్దిగానే ఉంది. అసలు కారణం వేరు కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు మీ ముందు పెడుతున్నాము.

నిజానికి మీరు కట్టే ఛార్జీ ఒక్కదానితో ఈ బస్సులు ఏనాడూ గట్టెక్కలేదు. మాఘంలోనూ శ్రావణంలోనూ పెళ్ళివారికి, కార్తీకంలో శివాలయాలకు వెళ్ళే వారికి రాత్రిపూట అద్దెకు ఇవ్వగా వచ్చిన డబ్బు ఫైనాన్సు వాయిదాలకు, బీమాకు, టైర్లకు సరిపెట్టేవాళ్ళము. ఆ ట్రిప్పులకు వేరే డ్రైవర్లను పెట్టుకునేవాళ్ళము. అటువంటి వారు ఇప్పుడు టిప్పర్ల మీదకో హైదరాబాదు ట్రావెల్స్ బస్సుల మీదకో వెళ్ళిపోతున్నారు, అక్కడ ఇచ్చే జీతం మేము ఇవ్వలేము. ఇక మిగిలిన దారి ఒక్కటే, రాత్రి పెళ్ళివారిని దింపి వచ్చిన మనిషినే పొద్దున్న ఏడింటికి పిల్లల బస్సు ఎక్కించడం. అది మాకు సమ్మతం కాదు. అందుచేత బడి నడిచే రోజులకు ముందు రాత్రి ఏ బస్సునూ అద్దెకు ఇవ్వము. పోయే ఆ ఆదాయంలో కొంత మీ మీద పడుతోంది, కొంత మేము భరిస్తున్నాము.

డ్రైవరు సెలవు పెట్టిన రోజు గురించి కూడా చెప్పాలి. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర, కాపలా లేని రైల్వే గేటు వద్ద ప్యాసింజరు రైలు బడి బస్సును ఢీకొని పసిపిల్లలు చనిపోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రోజూ వచ్చే డ్రైవరు రానందున ఆనాడు బస్సు నడిపింది వేరొకరని పత్రికల్లో వచ్చింది. మన దారిలో రైలు గేట్లు లేవు కానీ కాలువలు ఉన్నాయి. దారి తెలియని మనిషి చేతికి స్టీరింగు ఇవ్వడం కంటే ఆ పూట బస్సు ఆపడమే మేలని మా అభిప్రాయం. బదిలీ డ్రైవరుగా వచ్చేవారు ముందు కొన్నాళ్ళు పక్క సీటులో కూర్చుని దారంతా చూసిన వారై ఉంటారు. అటువంటి వారు దొరకని రోజు, ముందు రాత్రే మీకు ఫోను చేసి రాలేమని చెబుతాము, ఆ రోజు ఛార్జీ తగ్గిస్తాము.

సాయంత్రం బస్సు మా ఇల్లు దాటిపోయి, ఎక్కడో తిప్పుకుని వచ్చి పిల్లవాడిని దింపుతోందని, పది నిమిషాలు వృథా అవుతున్నాయని గట్టు మీది ఇళ్ళవారు కొందరు తరచుగా ఫిర్యాదు చేస్తున్నారు. బస్సు తలుపు ఎడమవైపు ఉంటుంది. ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు ఎడమవైపున కాలువ ఉంటే, పిల్లవాడు మెట్టు దిగి కాలు పెట్టేది కాలువ అంచు మీదే. జూన్ మొదట్లో నీళ్ళు వదిలాక నాలుగు వానలు పడేసరికి ఆ అంచు మెత్తబడి, పైకి గడ్డి పచ్చగా కనిపిస్తున్నా అడుగున మట్టి జారిపోయి ఉంటుంది. భుజాన బరువైన సంచి ఉన్న ఒకటో తరగతి పిల్లవాడు అక్కడ తూలితే పట్టుకోవడానికి చోటు ఉండదు. అందుకే వంతెన దాకా వెళ్ళి, బస్సు తిప్పుకుని, తలుపు ఇళ్ళవైపు వచ్చేలా నిలిపి దింపుతున్నాము. ఎంతమంది అడిగినా ఈ పద్ధతి మార్చము. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే వెనక్కి వెళ్ళవలసింది మన బస్సే కాబట్టి, ఆయా కిందికి దిగి వెనక టైరును చూస్తూ చెయ్యి ఊపితేనే డ్రైవరు బస్సును కదిలిస్తాడు. ఆ ఆయాల జీతం కూడా పెరిగిన ఛార్జీలో ఉంది. చివరి పిల్లవాడు దిగాక ప్రతి సీటు కింద చూసి రావడం కూడా వారి పనే.

బడి బస్సులకు ఏటా మే 15తో ఫిట్‌నెస్ పత్రం గడువు ముగుస్తుంది. ఈసారి బ్రేకులు, కిటికీ ఊచలు, అత్యవసర ద్వారం సరిచేయించాకే బండ్లను తనిఖీకి పంపుతున్నాము. ఆ పత్రాల నకళ్ళు ప్రతి బస్సులోనూ ఉంటాయి, ఎవరైనా ఎక్కి చూడవచ్చు.

ఆర్టీసీ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలయ్యాక పెద్ద తరగతుల ఆడపిల్లలు చాలామంది ఆర్టీసీ పల్లెవెలుగుకు మారారు. ఉచితంగా వెళ్ళగలిగినప్పుడు మాకు డబ్బు కట్టమని అడగడం న్యాయం కాదు. పల్లెవెలుగు వేళలు మీ అమ్మాయి బడికి కుదిరితే నిస్సంకోచంగా అందులోనే పంపండి. అయితే ఆ సీట్లు ఖాళీ అయినా బస్సు ఖర్చు తగ్గదు కాబట్టి మిగిలినవారి మీద భారం కాస్త పెరిగిందన్నది కూడా వాస్తవం. ఆ ఖాళీలు నింపుకోవడానికి దూరపు ఊళ్ళను కలుపుకుంటే, మొదట ఎక్కే పిల్లలు గంటకు పైగా బస్సులోనే కూర్చోవాలి. ఆ ఆలోచన మానుకున్నాము.

గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద వరద 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన క్షణం నుంచి మన బస్సు ఏటిగట్టు దిగదు. కాజ్‌వే మీద నీళ్ళు ఇంకా చీలమండ లోతే ఉన్నాయి కదా, ఒక్కసారి దాటించండి అని బతిమాలినా డ్రైవరు ఒప్పుకోడు, ఒప్పుకోవద్దని మేమే చెప్పాము. 2022 జూలైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకల్లో నీళ్ళు ఎంత వేగంగా పెరుగుతాయో మాకంటే మీకే బాగా తెలుసు. పొద్దున్న దాటించిన పిల్లలను సాయంత్రం ఇంటికి చేర్చలేని పరిస్థితి కూడా రావచ్చు. పడవలు తిరిగే రోజుల్లో రేవు దగ్గర బస్సు ఆగుతుంది, ఆయా అక్కడే ఉంటుంది. పడవలో మాత్రం పిల్లల వెంట ఇంటి పెద్దవారు ఒకరు ఉండి తీరాలి. పడవ ప్రయాణం బాధ్యత మేము తీసుకోలేము. మూడో హెచ్చరిక దాకా వస్తే, బడికి సెలవు ప్రకటించినా ప్రకటించకపోయినా లంకల వైపు బస్సు రాదు.

దసరా, సంక్రాంతి సెలవులకు ఛార్జీ ఎందుకని ప్రతి ఏడూ అడుగుతున్నారు. మేము తీసుకునేది ఏడాదికి 14,000 రూపాయలు. కట్టడానికి వీలుగా దాన్ని పది వాయిదాలు చేశాము. వేసవిలో బస్సులు నిలిచి ఉన్నా పన్ను, బీమా, వాయిదాలు ఆగవు. పిల్లల చదువుకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం కింద ఖాతాలో పడే 13,000 రూపాయలు మా ఏడాది ఛార్జీకే చాలవని తెలిసి ఈ లెక్క వేయడం మాకూ ఇబ్బందిగానే ఉంది. ఆ డబ్బు పడ్డాక కడతామనేవారు పడ్డాకే కట్టవచ్చు. ఒకే ఇంటి నుంచి రెండో బిడ్డకు పాత ఛార్జీ 1,100 రూపాయలే ఉంటుంది.

కొనసాగేవారు మే నెలాఖరులోగా మీ బస్సు ఆయాకు ఫోను చేసి పిల్లల పేరు, తరగతి, దిగే చోటు చెప్పండి. మానుకోదలచినవారు కూడా దయచేసి ఒక్క మాట చెప్పండి, ఆ సీటు కోసం ఎదురుచూస్తున్నవారికి ఇస్తాము. పాత బకాయిలు ఉన్నవారు మొదటి వాయిదాతో కలిపి కట్టనవసరం లేదు. దసరాలోగా తీర్చితే చాలు.