తోరణం అతికిస్తే కాకతీయ శైలి అయిపోతుందా?

సంపాదకుడు గారికి,

హన్మకొండ నుంచి వరంగల్ కోట దాకా వెళ్లేటప్పుడు దారిపొడవునా తోరణాలు లెక్కపెట్టి చూడండి. కాలనీ గేటుకు తోరణం, కల్యాణ మండపానికి తోరణం, బట్టల దుకాణం బోర్డు చుట్టూ తోరణం. కోటలో కాకతీయులు నిలబెట్టినవి నాలుగే నాలుగు. మనం ఈ ఒక్క తరంలో నిలబెట్టినవాటికి లెక్క లేదు. ముప్పై ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసి బతికిన డ్రాఫ్ట్స్‌మన్‌ను నేను. ఈ తోరణాల్లో రెండు నా చేతి పనే కాబట్టి ఆ తప్పు ముందే ఒప్పుకుంటున్నాను.

మొదటిది ఒక ఫంక్షన్ హాలుకు గీశాను. యజమాని ప్లాన్ కాగితం తిప్పి కూడా చూడలేదు. వంటశాల ఎటు, వాన నీళ్లు పోయే దారి ఎటు అని అడగలేదు. ‘ఎలివేషన్‌లో (భవనం ముందువైపు రూపంలో) తోరణం పడాలి’ అన్నాడు, అంతే. తోరణమంటే హంసలు ఉండాలి కదా! మేస్త్రీ దగ్గర హంస అచ్చు లేదు, బాతు అచ్చు ఉంది. బాతులే పోశాం. కొన్నేళ్లకు లోపలి చువ్వ తుప్పు పట్టి, సిమెంటు ఉబ్బి, ఎడమవైపు బాతు తల ఊడిపడింది. మిగిలిన మెడకు ఇప్పుడు పుట్టినరోజు ఫ్లెక్సీల తాళ్లు కడుతున్నారు. అటువైపు వెళ్లినప్పుడల్లా తల పక్కకు తిప్పుకుంటాను.

కొత్త కట్టడాల్లో పాత శైలి కనిపించకూడదని నా వాదన కాదు. 2025 మే 22న ప్రారంభమైన వరంగల్ రైల్వే స్టేషన్‌కు కాకతీయ శైలిలో ముఖద్వారం పెట్టారు. అందులో అర్థముంది. బయటి మనిషి ఊళ్లో మొదటి అడుగు పెట్టే చోటు అది. కోటలో తోరణాలు చేసిన పనీ అదే. స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలబడి, ఎటునుంచి వచ్చినవారినైనా లోపలికి పిలిచాయి. గుడి పోయింది, పిలిచే ద్వారాలు మిగిలాయి. తోరణమంటే లోపలికి దారి. మన ఊరి తోరణాల్లో చాలావాటి వెనక దారి లేదు, గోడ ఉంది.

కాకతీయుల నుంచి నేర్చుకోవలసింది కంటికి కనిపించేదానికంటే కాలి కింద ఎక్కువ ఉంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపమే తీసుకోండి. పునాది కుంగిందని 2006లో విప్పారు, 2024 మార్చి 8న మళ్లీ తెరిచారు. పద్దెనిమిదేళ్లు! ఆలస్యం మీద వరంగల్ వాళ్లం వేసుకున్న జోకులు మరోసారి చెబుతాను. కానీ ఆ పనిలో తెలిసింది చిన్న విషయం కాదు. అంత బరువును మోసింది గట్టి నేల కాదు, గొయ్యి తీసి నింపిన ఇసుక. నేల కదిలితే ఆ కదలికను ఇసుక తనలో సర్దుకుంటుంది. ఆ రాళ్లు విప్పి, మళ్లీ పేర్చడంలో చేయి తిరిగిన శిల్పులకు ఆ తర్వాత మన ఊరు ఏం పని చూపించింది? ఫైబర్ అచ్చులు, జీఆర్‌సీ (గాజు నార కలిపిన సిమెంటు) జాలీలు లారీల్లో దిగుతున్నాయి. ఉలి పట్టే మనిషి టెండరులో ఎక్కడా లేడు.

రామప్ప గుడికి వెళ్లినప్పుడు మదనికల (నాట్యగత్తెల శిల్పాల) దగ్గర ఫొటోలు దిగాక, ఒక్క నిమిషం రంగమండపం అంచున కూర్చోండి. ఆరడుగుల ఎత్తు పీఠం, దాని మీద మండపం చుట్టూ రాతి కక్షాసనాలు (వీపు ఆన్చి కూర్చునే అరుగులు), పైన బయటికి చాచిన చూరు. వాన పడితే నీళ్లు గోడకు దూరంగా పడతాయి, ఎండలో కూర్చున్నవాడికి నీడ దక్కుతుంది. ఇప్పుడు మన ఆఫీసు కట్టడాలు చూడండి. పడమర ఎండకు ఎదురుగా అద్దాల గోడ, లోపల ఏసీ మోత, బయట పింఛను కాగితం పట్టుకొచ్చిన ముసలావిడకు మెట్లే దిక్కు. కాకతీయ శైలి కావాలంటే ముందు ఆవిడకు ఒక అరుగు కట్టండి. పైన హంసలు లేకపోయినా ఫరవాలేదు.

నీటి సంగతి ఎత్తితే కోపం ఆగదు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వించిన రాజుల ఊరు ఇది. 2023 జులై వరదల్లో మన కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నాలా మీద ఇల్లు కట్టి, ఆ ఇంటి గేటుకు కాకతీయ తోరణం పెట్టుకున్న ఘనత మనది.

కోటలోనే ఖుష్ మహల్ అనే రాతి సభామండపం ఉంది. తుగ్లక్‌ల కాలానిదని కొందరు, కాకతీయుల తర్వాత ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ కట్టించాడని మరికొందరు అంటారు. ఎవరు కట్టినా, తోరణాలకు అంత దగ్గరలో కట్టి వాటిని కాపీ కొట్టలేదు. ఏటవాలు గోడలు, లోపల పెద్ద పెద్ద కమానులు. తన కాలపు మాట తాను చెప్పింది, పక్కవాళ్ల గొంతును అనుకరించలేదు. రెండూ ఒకే నేల మీద ఇన్ని వందల ఏళ్లుగా నిలిచే ఉన్నాయి.

ఇక అధికారులతో ఒక మాట. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణం కుదరదు, ఆపై రెండు వందల మీటర్ల దాకా అనుమతి కావాలి. కోట లోపల తరాలుగా ఉంటున్నవారు పాత ఇంటి గోడ కూలితే కట్టుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. మూడు వందల ఒకటో మీటరులో మాత్రం ఏ రంగు పూసినా, ఏ అద్దం బిగించినా అడిగేవాడు లేడు. ప్రతి కట్టడానికీ దాని పరిసరాలకు తగిన నియమావళి రాయాలని ఆ చట్టమే చెబుతోంది. కోటకు, వేయిస్తంభాల గుడికి అది రాసి, తెలుగులో అచ్చువేసి, కోట వాసులకు అర్థమయ్యేలా పంచాలి. నగరపాలక సంస్థ కూడా ప్రభుత్వ భవనం డ్రాయింగు మీద సంతకం పెట్టే ముందు ఎలివేషన్ పక్కన పెట్టి, నీళ్లు ఎటు పోతాయో, జనం ఎక్కడ కూర్చుంటారో అడగాలి.

ఇక్కడి కాలేజీల్లో సివిల్, ఆర్కిటెక్చర్ చదివే పిల్లలను ఒక ఆదివారం కోటకు పంపండి. ఫోన్లు సంచిలో పెట్టి, తోరణం స్తంభం మందమెంతో, పైరాయి ఎంత బయటికి వచ్చిందో చేత్తో కొలవమనండి. టేపు నేను తెస్తాను.

– ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్, హన్మకొండ