చెరువులో రొయ్య ఆగదు, కోల్డ్ స్టోరేజీలో ఆగుతుంది

సంపాదకులకు నమస్కారం.

మన రొయ్యల మీద అమెరికా వేసే సుంకాలపై చర్చంతా శాతాల చుట్టూనే తిరుగుతోంది. చెరువు గట్టు మీద లెక్క వేరు. సుంకం ఎంతో ముందే ఖాయంగా తెలిస్తే రైతు సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) తగ్గించుకుంటాడు, లేదా రొయ్య చిన్నగా ఉండగానే పట్టేసే ఆలోచన చేస్తాడు. వచ్చే నెల ఎంత ఉంటుందో తెలియకపోవడం వల్లే వనామీ రకం రొయ్య పెంచే రైతు ఎక్కువ దెబ్బతిన్నాడు.

2025 ఏప్రిల్ 2న మన దేశానికి 26 శాతం అన్నారు. 9వ తేదీకల్లా దాన్ని 90 రోజులు వాయిదా వేసి 10 శాతం చేశారు. ఆగస్టు 7 నుంచి 25, అదే నెల 27 నుంచి 50 చేశారు. విశాఖలో ఎక్కిన కంటైనర్ అమెరికా తూర్పు తీరం చేరడానికి దాదాపు 40 రోజులు పడుతుంది. ఆగస్టు 27కు ముందే ఓడెక్కిన సరుకుకు రెండో 25 శాతం ఉండదన్నారు గానీ, సెప్టెంబరు 17 లోపు అక్కడి కస్టమ్స్‌లో నమోదు కావాలని షరతు పెట్టారు. ఆగస్టు 20న బయలుదేరిన కంటైనర్ చేరేసరికి సెప్టెంబరు 29 అవుతుంది. ఆ మినహాయింపు దానికి ఏ విధంగానూ పనికిరాలేదు.

మన ఎగుమతుల్లో చాలా భాగం సుంకం మనవాళ్లే కట్టి సరుకు అప్పగించే ఒప్పందాల మీద నడుస్తుంది. 16 టన్నుల కంటైనర్, కిలో 8 డాలర్లు అనుకుందాం. విలువ 1,28,000 డాలర్లు. 10 శాతానికి 12,800 డాలర్లు కట్టాలి, 50 శాతానికి 64,000. దీనికి తోడు కౌంటర్‌వెయిలింగ్ సుంకం (మన సర్కారు రాయితీలకు విరుగుడుగా వేసేది), యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు అమ్ముతున్నారని వేసేది) ఉన్నాయి. యాంటీ డంపింగ్ కింద సరుకు దిగేటప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే, అసలు రేటు ఏడాది దాటాక జరిగే సమీక్షలో తేలుతుంది. ఇన్ని తెలియని అంకెల మధ్య రైతు దగ్గర కొనే ఎగుమతి కంపెనీ అన్నిటికన్నా చెడ్డ రేటు వస్తుందనే అనుకుని, అంత మేరకు ఇక్కడి ధరలో ముందే కోసేస్తుంది.

ఆ కోత రైతు దగ్గర ఎంతవుతుంది? కిలో ఒలిచిన రొయ్యకు సుమారు 2 కిలోల పచ్చి రొయ్య కావాలి. 8 డాలర్ల మీద 10 శాతమంటే 80 సెంట్లు. డాలరు 85 రూపాయలైతే 68 రూపాయలు. అదంతా వెనక్కి తోస్తే చెరువు దగ్గర కిలోకు 34 రూపాయలు పోతాయి. ఎకరానికి లక్ష సీడ్ వేసి, 80 శాతం బతికి, 40 కౌంట్‌కు (కిలోకు 40 రొయ్యలు తూగే సైజుకు) వస్తే దిగుబడి 2 టన్నులు. అంటే ఎకరానికి 68,000 రూపాయలు. ఇది 10 శాతానికే.

ధర వచ్చేదాకా ఆగొచ్చు కదా అని నగరాల్లో కొందరు అడుగుతుంటారు. 2 టన్నుల రొయ్య ఉన్న చెరువుకు ఆ దశలో రోజుకు 50 కిలోల పైనే మేత పడుతుంది. పాతిక కిలోల బస్తాలు రెండు, దాదాపు 5,000 రూపాయలు. నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే డీజిల్ ఖర్చు అదనం. నీళ్లలో రొయ్య బరువు పెరిగేకొద్దీ ఆక్సిజన్ చాలదు, అడుగున మడ్డి పేరుకుంటుంది, వైట్ గట్టో తెల్లమచ్చో లాంటి రోగం తగిలితే మొత్తం పోతుంది. ఆ భయానికి ఊరంతా ఒకే వారంలో పట్టుబడికి దిగుతుంది. ఐసు, లారీలు, ఒలిచే కూలీలు, ఫ్రీజర్లు దేనికీ అంత సామర్థ్యం లేదు. అందువల్ల ధర ఇంకో మెట్టు దిగుతుంది. ఆ రెండో మెట్టుకూ అమెరికాకూ సంబంధం లేదు, అది పూర్తిగా మన దగ్గర జరిగే నష్టం. పెద్ద సైజు రొయ్యలు ఎక్కువగా అమెరికా పోయేవే కనుక ఓపిక పట్టి 30 కౌంట్ దాకా పెంచినవాళ్లే ఎక్కువ పోగొట్టుకున్నారు.

రూపాయి పడితే ఎగుమతికి లాభమనే మాట కూడా వినిపిస్తోంది. డాలరు 85 నుంచి 90కి పోతే వచ్చేది 6 శాతం లోపే. దాన్నీ డిస్కౌంట్‌గా ఇమ్మని అక్కడి కొనుగోలుదారు అడుగుతాడు. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలకు తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల నుంచే రావాలి, వాటి ఖర్చూ డాలర్లలోనే.

మైనస్ 18 డిగ్రీల్లో ప్యాక్ చేసిన రొయ్య ఏడాదిన్నర నిల్వ ఉంటుంది. చెరువులో పది రోజులు అదనంగా ఉంచితే మేతకే 50,000 అవుతుంది. సుంకం తేలేదాకా ఎదురుచూడాల్సిన భారం కోల్డ్ స్టోరేజీ మీద పడాలి, చెరువు మీద కాదు. రిజర్వు బ్యాంకు 2025 నవంబరులో ఎగుమతి రుణాల గడువును 270 రోజుల నుంచి 450 రోజులకు పెంచింది. మంచి పనే. కానీ ఆ వెసులుబాటు రొయ్యను ఒలిచి ఫ్రీజ్ చేసే ప్లాంటు గేటు దగ్గరే ఆగిపోయింది. మేత డీలరు దగ్గర అరువు తెచ్చుకున్న రైతుకు ఏ గడువూ పెరగలేదు, ఆ అరువు ఏ బ్యాంకు పుస్తకంలోనూ లేదు కనుక.

ప్రభుత్వం ఇలాంటి రుణ సాయం ఇచ్చేటప్పుడే ఒక షరతు పెట్టాలి. నిల్వ మీద రుణం తీసుకునే ప్లాంటు కౌంట్‌వారీ కొనుగోలు ధరను రోజూ ప్రకటించాలి, రైతుకు వారంలోగా డబ్బు వేయాలి, సుంకం తగ్గిన రోజున ధర ఎంత పెంచుతుందో సీడ్ వేసే ముందే రాసివ్వాలి. ఏప్రిల్‌లో ప్రకటన వచ్చిన మర్నాడే ధర పడింది. వాయిదా వచ్చాక మాత్రం అంత వేగంగా లేవలేదు. రాష్ట్రంలో ఆక్వాకల్చర్ డెవలప్‌మెంట్ అథారిటీ ఉంది, ఈ పని దానికే అప్పగించవచ్చు.

లీజు రైతు సంగతి కూడా చూడాలి. చెరువు పేపర్లు అతని పేరున ఉండవు కాబట్టి బ్యాంకు గడప ఎక్కనివ్వదు. పట్టుబడి రోజునే కౌంట్, తూకం, ధర రాసిన రశీదు అతని పేరున ఇప్పించి, రెండు పంటల రశీదులు చూపితే మేత కోసం రుణం ఇచ్చేలా బ్యాంకులకు ఆదేశాలు వెళ్లాలి.

- ఆక్వా సాంకేతిక సలహాదారులు, భీమవరం