గొంతు దాటిన ముల్లు

అమలాపురం,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ నేస్తం,

నువ్వు నాలుగుసార్లు ఫోను చేశావు, నాలుగుసార్లూ తరువాత మాట్లాడతానని పెట్టేశాను. కోపం తెచ్చుకోకు. ఆసుపత్రి వరండాలో నిలబడి చెప్పగలిగే సంగతి కాదిది. ఇవాళ మధ్యాహ్నం నాన్నగారు ఇంట్లో తన కుర్చీలో కూర్చుని, మెత్తగా పిసికిన పెరుగన్నం తిన్నారు. ఆ గిన్నె కడుగుతూ అమ్మ కళ్ళు తుడుచుకుంది. నా మనసు కూడా ఇప్పుడే కుదుటపడింది. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

ఇదంతా ఒక చేప ముల్లు వల్ల జరిగింది. మూడు సెంటీమీటర్ల శీలావతి ముల్లు.

మూడు వారాల క్రితం ఆదివారం అమ్మ శీలావతి పులుసు పెట్టింది. నాన్నగారికి చేప తినడం కొత్తా? కోనసీమలో పుట్టి పెరిగిన మనిషి, మాట్లాడుతూనే నాలుకతో ముల్లు ఏరి కంచం అంచున పెట్టేవారు. అయితే రెండేళ్ళ క్రితం పైపళ్ళన్నీ తీయించి కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు కదా. ఆ సెట్టు అంగిలిని పూర్తిగా కప్పేస్తుంది. ముద్దలో ఏముందో పసిగట్టేది నాలుక ఒక్కటే అనుకుంటాం. అంగిలిదీ అందులో పెద్ద వాటాయేనట. కట్టుడు పళ్ళు ఉన్నవాళ్ళు తెలియకుండా ముళ్ళూ ఎముక ముక్కలూ మింగేయడం డాక్టర్లకు బాగా తెలిసిన సంగతే. నాన్నగారికైతే గొంతులో గుచ్చుకున్న గుర్తు కూడా లేదు.

గురువారం పొద్దున పొత్తికడుపులో కుడివైపు నొప్పి మొదలైంది. దగ్గరలో ఒకచోట చూపిస్తే గ్యాసు అని మాత్రలు ఇచ్చారు. పొట్ట నొక్కి చూడలేదు, ఏం తిన్నారని అడగలేదు. రెండు రోజులు ఆ మాత్రలే వేయించాను. ఇప్పటికీ నా కడుపు మండేది ఆ రెండు రోజులు తలచుకున్నప్పుడే. శనివారం రాత్రికి చలిజ్వరం వచ్చి పొట్ట బల్లలా బిగుసుకుపోయింది. కారులో పడుకోబెట్టి కాకినాడ తీసుకువెళ్ళాం. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా ఆయన నా మణికట్టు పట్టుకునేవారు, మాట మాత్రం లేదు.

అక్కడ డ్యూటీలో ఉన్న సర్జన్ గారు వయసులో మనకంటే చిన్నావిడ. పొట్ట చూస్తూ కుడివైపున్న పాత కుట్ల మచ్చ దగ్గర ఆగారు. నొప్పి చూస్తే అచ్చం ఇరవై నాలుగు గంటల కడుపునొప్పిలా ఉంది, కానీ ఆ అపెండిక్స్ నాన్నగారి పెళ్ళికి ముందే తీసేశారాయె. ఆవిడ రెండే ప్రశ్నలు వేశారు. కట్టుడు పళ్ళా? ఈ వారంలో చేపగానీ కోడిగానీ తిన్నారా? వెంటనే సీటీ స్కాన్ రాశారు. తరువాత నన్ను తెర ముందుకు పిలిచి చూపించారు. చిన్నపేగు పెద్దపేగులో కలిసే చోటికి కాస్త ముందు సన్నని తెల్లగీత, దాని పక్కన నల్లటి చుక్కలు. ఆ చుక్కలు పేగు దాటి బయటికి వచ్చిన గాలి అట. మామూలు ఎక్స్‌రేలో చేప ముల్లు చాలాసార్లు కనిపించనే కనిపించదని అప్పుడే తెలిసింది.

రాత్రి రెండు గంటలకు సంతకం పెట్టాను. చీము ఎక్కువగా ఉండి పేగు కలపడానికి వీలు కాకపోతే, దాన్ని కొన్ని వారాల పాటు పొట్ట మీదికి తెచ్చి సంచీ తగిలించవలసి వస్తుందని ముందే చెప్పారు. అమ్మ అక్కడే నేల మీద కూలబడిపోయింది. నేను ఆ కాగితం మూడుసార్లు చదివాను, ఒక్క అక్షరం బుర్రకు ఎక్కలేదు.

ముందు చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపించి చూశారట. పేగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి, వాటి మీద కొవ్వుపొర వచ్చి కప్పుకుంది. పొట్టలో ఎక్కడ చిల్లు పడినా ఈ పొర అక్కడికి చేరి మూయడానికి చూస్తుంది కాబట్టి సర్జన్లు దాన్ని పొట్టలోని పోలీసు అంటారట. నాన్నగారిని అంతసేపు కాపాడింది అదే. కెమెరాతో పని జరగదని తేలి పొట్ట తెరిచారు. ముల్లు తీశారు. చిల్లు ఒక్కటే అయితే కుట్టేసేవారు, కానీ చుట్టూ పేగు నల్లబడింది. అందుకని జానెడు ముక్క కోసేసి రెండు చివరలూ కలిపి కుట్టారు, లోపలంతా సెలైనుతో కడిగి ఒక గొట్టం పెట్టారు. సంచీ అవసరం పడలేదు.

ఆ ముల్లును చిన్న సీసాలో వేసి నా చేతికిచ్చారు. కుట్టుసూది అంత సన్నం, కొద్దిగా వంపు, రెండు కొనలూ మొనలే. సీసా వంచితే గాజుకు తగిలి టిక్కుమంది. ఆ చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.

తరువాతి రోజులన్నీ ఆ గొట్టం వైపు చూడడంతోనే గడిచాయి. మొదటిరోజు బురదనీళ్ళలా వచ్చింది, మూడోరోజుకు లేత పసుపుకు తేలింది. పొద్దున్నే డాక్టరుగారు వచ్చి గాలి పోయిందా అని అడిగేవారు. పేగు మళ్ళీ కదలడం మొదలుపెట్టిందనడానికి అదే ఆనవాలు. నాలుగోరోజు తెల్లవారుజామున నాన్నగారు నన్ను లేపి పోయిందిరా అన్నారు. నేను చేతులెత్తి దండం పెట్టాను.

మింగిన వస్తువులన్నిటికీ ఇలా కోతలు పడవులే. పొట్టలోకి చేరినవాటిలో నూటికి ఎనభైకి పైగా వాటంతట అవే బయటికి పోతాయి. పది ఇరవైకి ఎండోస్కోపీ కావాలి, ఆపరేషన్ దాకా వచ్చేవి ఒకటో, అంతకంటే తక్కువో. ఇదంతా సర్జన్ గారు చెబితే విని ఇంటికొచ్చాక షెవలియర్ జాక్సన్ అనే అమెరికా డాక్టరు గురించి చదివాను. ఆయన, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి జనం గొంతుల్లోంచి, ఊపిరితిత్తుల్లోంచి తీసిన 2,374 వస్తువులు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో సొరుగుల్లో భద్రంగా ఉన్నాయి. పిన్నులు, బొత్తాలు, ఎముకలు, నాణేలు. ముందు నడిచే మొన గుచ్చుకుంటుంది, వెనుక వచ్చే మొన గుచ్చుకోదు అని ఆయన చెప్పిన సూత్రం. మా సీసాలోని ముల్లుకు రెండువైపులా మొనే, ఇక ఎటు తిరిగితే మాత్రం ఏమిటి?

ఆ జాక్సన్ పోరాటం ఇంకొకటి ఉంది. అప్పట్లో వంటింట్లో వాడే కాస్టిక్ సోడా తాగి పిల్లల అన్నవాహికలు కాలిపోయేవి. డబ్బాల మీద విషమని రాయించాలని ఆయన ఏళ్ళ తరబడి తిరిగారు, 1927లో చట్టం వచ్చింది. అది చదవగానే నీ బుజ్జిగాడు గుర్తొచ్చాడు.

సంక్రాంతికి నేను వచ్చినప్పుడు వాడు లైటు వెలిగే చిన్న కారు నడుపుతున్నాడు, గుర్తుందా? దాని కింద మూతకు స్క్రూ లేదు, గోరు పెడితే ఊడుతుంది. లోపల బిళ్ళ బ్యాటరీ. అది గొంతులో ఇరుక్కుంటే కారిపోనక్కరలేదు, తడి తగిలితే చాలు, కరెంటు పారి కాస్టిక్ సోడాలాంటి క్షారమే అక్కడ పుడుతుంది. రెండు గంటల్లోనే లోతుగా కాలిపోవచ్చు. తీసేసిన తరువాత కూడా కొన్ని రోజులకు శ్వాసనాళంలోకో పెద్ద రక్తనాళంలోకో చిల్లు పడవచ్చు. అప్పుడు ఛాతీ తెరవాలి. ఎక్స్‌రేలో అది నాణెంలాగే ఉంటుంది, అంచున రెండో గీత కనిపిస్తే బ్యాటరీ అని అర్థం. ఎప్పుడైనా అనుమానం వస్తే వాంతి చేయించకు, రేపు చూద్దాం అనుకోకు, బయలుదేరు. ఏడాది దాటిన పిల్లలకు, మింగి పన్నెండు గంటలు కాకపోతే, వాళ్ళు మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె పట్టమంటారు, ఆరుసార్ల దాకా. తేనె ఇంట్లో లేకపోతే దానికోసం ఆగకు. అలాగే అయస్కాంతం గోళీలు ఉంటే పారెయ్యి. రెండు మింగితే ఒకటి ఈ పేగులో, ఇంకొకటి ఆ పేగులో ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మధ్యలో నలిగిన గోడలు చచ్చి చిల్లులు పడతాయి.

పిన్నికి కూడా ఒక మాట చెప్పు. గొంతులో ముల్లు దిగిందంటే అన్నం ముద్ద, అరటిపండు మింగించడం మన ఇళ్ళలో అలవాటు కదా. దానితో ముల్లు ఇంకా లోతుకు దిగవచ్చు. చెల్లెమ్మ చేత ఆవిడకు నెమ్మదిగా చెప్పించు, నువ్వు చెబితే వినరు.

నాన్నగారు పక్కగదిలోంచి ఎవరికిరా అంత పెద్ద ఉత్తరం అంటున్నారు. నీకే అంటే, బాబాయి అడిగారని రాయమన్నారు, బుజ్జిగాణ్ణి ఒకసారి తీసుకురమ్మన్నారు. బుధవారం కుట్లు చూపించడానికి కాకినాడ వెళుతున్నాం, సాయంత్రానికి వచ్చేస్తాం. ఆ రాత్రి ఫోను చెయ్యి, ఈసారి పెట్టెయ్యను. ఆ కారు మూత ఏం చేశావో కూడా చెప్పాలి.

నీ
నేస్తం