గుడ్డు రేపు పెడతానన్నాను

సంపాదకులకు నమస్కారం.

బళ్లు తెరిచిన దగ్గర్నుంచి మా వీధిలో రోజూ పొద్దున వినబడుతున్న మాట ఒకటే: ‘ఈ కాలం పిల్లలకు ఓర్పు లేదు, రెండు తగిలిస్తేగానీ దారికి రారు.’ నేను పార్సిగుట్టలో 26 ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆ మాట ఒప్పుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొట్టడం, కొరకడం, లాక్కోవడం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మాట సరిగా రాని వయసులో చెయ్యే ముందుకొస్తుంది. చేయిచేసుకోవడం రెండు మూడేళ్ల వయసులోనే ఎక్కువనీ, తర్వాత చాలామందిలో తగ్గుతూ వస్తుందనీ కెనడా పరిశోధకుడు రిచర్డ్ ట్రెంబ్లే ఏళ్ల తరబడి గమనించి చెప్పారు. పిల్లలు నేర్చుకోవాల్సింది ఆగడం. దాన్ని ఎవరిని చూసి నేర్చుకుంటారన్నదే నా బాధ.

ఒక వానాకాలం మా సెంటర్‌కు గుడ్లు రావడం ఆలస్యమైంది. పళ్లేలు ముందు పెట్టుకుని పిల్లలు వరసగా కూర్చున్నారు. ‘రేపు పెడతాను నాయనా, ఇవాళ పప్పన్నం తినండి’ అన్నాను. తిన్నారు. మర్నాడూ రాలేదు. మళ్లీ ‘రేపు’ అన్నాను. మూడోనాడు వచ్చాయి. ఆయా ఉడకబెట్టి, పెంకు తీసి, స్టీలు గిన్నెలో తెచ్చేసరికి నాలుగున్నరేళ్ల పిల్లాడొకడు లేచి రెండు చేతులా రెండు గుడ్లు అందుకున్నాడు. అడ్డొచ్చిన పిల్లను తోసేస్తే దాని మోచెయ్యి గోడకు కొట్టుకుంది. నేను వాడి వీపు మీద ఒకటి వేశాను. వాడు ఏడవలేదు. వేడికి అరచేతులు ఎర్రబడుతున్నా గుడ్లు వదలకుండా ‘రేపు ఉండదు’ అన్నాడు.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. దుడుకు పిల్లాడని కొట్టాను గానీ, రెండు రోజులు నా మాట విని కూర్చున్నవాడూ వాడే.

చాలా ఏళ్ల తర్వాత, బి.ఇడి. చదువుతున్న మా అమ్మాయి ఒక ప్రయోగం గురించి చెప్పింది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లది, 2013లో అచ్చయింది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 మంది. ముందు అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, కాసేపు ఆగితే మంచివి తెస్తామన్నారు. సగం మందికి తెచ్చారు, సగం మందికి ‘లేవు’ అనేశారు. తర్వాత ఒక్కొక్కరి ముందు ఒక మిఠాయి పెట్టి, 15 నిమిషాలు తినకుండా ఉంటే ఇంకొకటి ఇస్తామన్నారు. మాట దక్కిన 14 మందిలో 9 మంది చివరిదాకా ఆగారు. మాట తప్పిన గదిలో 14 మందికి ఒక్కరే ఆగారు. వింటుంటే ఆ స్టీలు గిన్నె నా కళ్లముందు కదిలింది.

మన ఇళ్లలో రోజూ జరిగేదీ ఇదే కదా! సూది వేయరంటూ దవాఖానకు తీసుకుపోతాం. సాయంత్రం ట్యాంక్‌బండ్‌కు పోదామని చెప్పి, బిడ్డ టీవీ చూస్తుంటే వెనక గుమ్మంలోంచి జారుకుంటాం. పడి ఏడిస్తే, ‘నిన్ను కొట్టిందా? దీన్ని కొట్టేద్దాం’ అని నేల మీద చరుస్తాం. దెబ్బ తగిలితే తిరిగి కొట్టాలన్న తొలి పాఠం అక్కడే పడుతుంది, ముద్దు చేస్తున్నామనుకుంటూ.

పిల్లలు దెబ్బను కూడా చూసి నేర్చుకుంటారు. స్టాన్‌ఫర్డ్‌లో 1961లో ఆల్బర్ట్ బండూరా 72 మంది పిల్లలతో ప్రయోగం చేశారు. పెద్దవాళ్లు గాలిబొమ్మను కొట్టడం చూసిన పిల్లలు అవే దెబ్బలు, అవే మాటలు తిరిగి చేసి చూపించారు. నాకు ఈ పేర్లేవీ తెలియకముందే, నేను ఆ పిల్లాణ్ని కొట్టిన మధ్యాహ్నం, బొమ్మలాటలో టీచరు వేషం కట్టిన పాప తన గుడ్డబొమ్మ వీపు మీద సరిగ్గా నాలాగే వేసింది, కొంగు బొడ్లో దోపుకుని మరీ.

తల్లిదండ్రులకు నా మనవి: కుదరనిదాన్ని కుదరదనే చెప్పండి, ఏడిస్తే ఏడవనివ్వండి. పై అధికారులకూ ఒక మాట. సరుకు ఆలస్యమైతే ఏ రోజు వస్తుందో టీచరుకు కచ్చితంగా చెప్పండి. మేము పిల్లలకిచ్చే మాట మీ దగ్గర్నుంచే రావాలి.

ఆ తర్వాత నేను ‘రేపు’ అనడం మానేశాను. ‘ఇవాళ లేవు, ఎప్పుడొస్తాయో నాకూ తెలీదు, వచ్చిన రోజు పొద్దున్నే గిన్నె చూపిస్తాను’ అనేదాన్ని. వచ్చిన రోజు చూపించేదాన్ని. కొన్ని వారాలు గడిచాక గిన్నె వాడి చేతికే ఇచ్చి పంచమన్నాను. ఒక్కొక్క పళ్లెంలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోయాడు. మధ్యలో రెండుసార్లు ఆగి, గిన్నెలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకున్నాడు.

– రిటైరైన అంగన్‌వాడీ టీచరు, పార్సిగుట్ట, హైదరాబాద్